ఇత్తడి నగరం: నిప్పుకు ముందు కరువు



నిప్పుల సముద్రం మీద తేలుతూ ఒక నగరం ఉన్నది. దాని గోపురాలు ఇత్తడివి, వీథులు ఇత్తడివి. దాని ఏలిక ఒక సుల్తాను. అక్కడి పౌరులు మనుష్యులు కారు, అగ్నిదేహులైన ఇఫ్రీతులు. పురాణాలు తిరగవేసినవారికి ఇదేదో పాతాళలోక వర్ణనలా తోచవచ్చు. కాని ఇది 1979లో అమెరికాలో అచ్చయిన ఒక ఆటల పుస్తకపు అట్టమీది బొమ్మ. పుస్తకం పేరు డంజన్ మాస్టర్స్ గైడ్. బొమ్మ వేసినవాడు డేవిడ్ సదర్లాండ్. ముందు అట్టమీద ఎర్రని మహాకాయుడొకడు సాహసికులతో పోరాడుతుంటాడు. వెనుక అట్టమీద అతడి పట్టణం. ఆంగ్లంలో దానికి సిటీ ఆఫ్ బ్రాస్ అని పేరు. మనం ఇత్తడి నగరమందాం.

ఈ ఆట సంగతి తెలియనివారికోసం రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను ప్రకటించారు. దీనికి గళ్ళ పటం తప్పనిసరి కాదు, పావులు తప్పనిసరి కాదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకడు కథ నడిపిస్తాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర ధరించి "నేను ఈ తలుపు తోస్తాను", "నేను ఆ భూతంతో మాట్లాడతాను" అంటూ ఉంటారు. తోసిన తలుపు తెరుచుకున్నదా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మన నాటకాల్లో సూత్రధారుడున్నాడే, అతడి పక్కన శకునిని కూర్చోబెట్టినట్లన్నమాట!

ఆ ఆటలో ప్రపంచం ఒక్కటి కాదు. పంచభూతాలలో ఆకాశం తప్ప మిగిలిన నాలుగింటికీ వేరువేరు లోకాలున్నాయి. అగ్నిలోకంలోనిదే మన ఇత్తడి నగరం. 1987లో వచ్చిన మాన్యువల్ ఆఫ్ ది ప్లేన్స్ అనే పుస్తకం దీనిని నలభై మైళ్ళ వెడల్పుగల ఇత్తడి అర్ధగోళం మీద కట్టింది. అక్కడి అంగళ్ళలో దొరకని వస్తువు లేదట. బానిసల సంత కూడా ఉన్నది. తరువాత పాత్‌ఫైండర్ అనే మరొక ఆటవారు 2009లో తమ కథామాలికలో ఒక భాగాన్ని ఇక్కడే నడిపారు. 2018లో ఇదే పేరుతో కంప్యూటరు ఆట వచ్చింది. నాలుగు దశాబ్దాలకు పైగా ఎందరో పిల్లలు ఈ పట్టణానికి ఊహలో వెళ్ళి వస్తూనే ఉన్నారు. బెంగళూరులో చదువుకుంటున్న మా దౌహిత్రుడూ వారిలో ఒకడు. వాడి పుణ్యమా అనే నాకు ఈ ఊరి ఆచూకీ తెలిసింది.

పేరు వినగానే నాకు కలిగిన సందేహమేమిటంటే, ఈ నగరంలో నిప్పు ఎప్పుడు రాజుకున్నది? అసలు కథలో లేదు మరి.

అసలు కథ వెయ్యిన్నొక్క రాత్రులది. కైరో దగ్గరి బూలాక్‌లో 1835లో అచ్చయిన అరబ్బీ ప్రతిలో 566వ రాత్రి మొదలై 578వ రాత్రితో ముగుస్తుంది. మనకు చిన్నప్పుడు పరిచయమైన అల్లాఉద్దీన్, అలీబాబా కథలు పాత అరబ్బీ వ్రాతప్రతులలో లేవు. ఫ్రెంచి అనువాదకుడు గాలాన్ ఒక సిరియా కథకుడి నోట విని చేర్చినవి. ఇది మాత్రం అచ్చంగా అరబ్బీ గ్రంథంలోనిదే. దీని అరబ్బీ పేరు మదీనతున్నుహాస్. నుహాస్ అంటే రాగి. ఇత్తడికీ ఆ మాట వాడతారు.

డమాస్కసులో ఖలీఫా అబ్దుల్ మాలిక్ కొలువు. మాట సులేమాను ప్రవక్త మీదికి మళ్ళింది. ఆయన ఎదురుతిరిగిన జిన్నులను ఇత్తడి కూజాలలో బంధించి, సీసంతో మూతబిగించి, ముద్రవేసి సముద్రంలో వేయించాడని ప్రతీతి. ఆ కూజాలను కళ్ళారా చూడాలని ఖలీఫాకు కోరిక పుట్టింది. పడమటి దేశాల అధికారి మూసా బిన్ నుసైర్‌కు ఆజ్ఞ వెళ్ళింది. ఈ ఇద్దరూ చరిత్రపురుషులే. అబ్దుల్ మాలిక్ 685 నుండి 705 వరకు ఖలీఫా. 711లో స్పెయినులోకి అరబ్బులు అడుగుపెట్టినది మూసా అధికారంలోనే. చరిత్రలోని మనుష్యులను పట్టుకొని కల్పనలోకి నడిపించడం కథకులకు అలవాటు. మన విక్రమార్కుడికి, భోజరాజుకు జరిగినది అదే కదా!

మూసా, తాలిబ్ అనేవాడు, అబ్దుస్సమద్ అనే వృద్ధుడు పరివారంతో ఎడారిలో బయలుదేరారు. దారిలో ఒక శూన్యమైన కోట. ఒక ఇత్తడి రౌతు బొమ్మ. తాకితే గిర్రున తిరిగి దారి చూపుతుంది. చంకలదాకా రాతిస్తంభంలో దిగబడిన ఒక ఇఫ్రీతు. ఇంకా ముందుకు పోగా క్షితిజం మీద నల్లగా ఏదో, దానిలో ఎదురెదురుగా రెండు మంటలు. దగ్గరికి వెళితే అవి మంటలు కావు, ఎండకు మెరుస్తున్న రెండు ఇత్తడి బురుజులు. ఊరు నల్లరాతిది. ఇరవై ఐదు ద్వారాలున్నాయి గాని బయటనుండి ఒక్కటీ తెరుచుకోదు.

నిచ్చెన కట్టి ఒకడిని గోడ ఎక్కించారు. వాడు లోపలికి చూశాడు, చప్పట్లు చరిచాడు, "ఎంత చక్కనిదానివి!" అని అరిచి దూకి చచ్చాడు. ఇలా ఒకరి తరువాత ఒకరు పన్నెండుమంది. చివరకు అబ్దుస్సమద్ దైవనామం జపిస్తూ ఎక్కి, దూకకుండా నిలిచి, చూసినది చెప్పాడు. చంద్రబింబాల వంటి పదిమంది కన్యలు చేతులు ఊపి రమ్మంటున్నారు. కింద నీళ్ళ మడుగు ఉన్నట్లు కనిపిస్తున్నది. కన్యల మాట అటుంచండి, ఆ నీళ్ళ మడుగు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా సీమలో పుట్టినవాడెవడైనా ఆగుతాడు. దానికి కారణం ముందున్నది.

లోపల వీథులున్నాయి, అంగళ్ళున్నాయి. పట్టుబట్టల అంగడి, రత్నాల అంగడి, సుగంధద్రవ్యాల అంగడి, అన్నీ తెరిచే ఉన్నాయి. అంగడివాళ్ళు తమతమ చోట్ల కూర్చునే ఉన్నారు, చర్మం ఎండి ఎముకలకు అంటుకొని. రాజమందిరంలో మంచం మీద తద్ముర అనే రాణి. ఆమె ప్రాణంతోనే ఉన్నదని మూసా మొదట భ్రమపడ్డాడు, ఎందుకంటే కళ్ళు కదులుతున్నాయి. అవి కళ్ళు కావు. రెప్పల కింద పాదరసం పోశారు. ఆమె ముందు బంగారు ఫలకం ఉన్నది. దానిమీద వ్రాసి ఉన్నది కథకంతటికీ ఆయువుపట్టు.

నా మాటల్లో దాని సారం ఇది. ఏడేండ్లు మా మీద ఒక్క చినుకు రాలలేదు, గడ్డిపోచ మొలవలేదు. ఉన్నదంతా తిన్నాము, తరువాత పశువులను తిన్నాము. అప్పుడు నా ధనమంతా కొలిపించి నమ్మకస్తుల చేతికిచ్చి ధాన్యం కొనుక్కురమ్మని దేశదేశాలకు పంపాను. వారు చాలాకాలానికి ఆ ధనంతోనే తిరిగివచ్చారు. కుంచెడు మేలి ముత్యాలకు కుంచెడు నాసి గోధుమలు కూడ ఎక్కడా దొరకలేదు. అప్పుడు సొమ్మంతా బయట పరచి, కోట తలుపులు లోపలినుండి మూయించి, దేవుడి తీర్పుకు తలవంచాము. వచ్చినవారు ఏమైనా తీసుకుపోండి, నా ఒంటిమీది నగలు మాత్రం ముట్టుకోవద్దు.

తాలిబ్ ముట్టుకోబోయాడు. కాపలాగా నిలిపిన బొమ్మలు రెండు ఒక్కసారిగా కదిలి వాడి తల తెగగొట్టాయి. మూసా మిగిలిన సొత్తును ఒంటెలమీద వేయించుకొని వెళ్ళిపోయాడు. సులేమాను కూజాలు పన్నెండు వేరొకచోట దొరికాయి. కథ కంచికి.

చూశారా, ఇది నిప్పుల పట్టణం కాదు, కరువు పట్టణం.

మా తుమ్మలపల్లె కడప జిల్లా వేముల మండలంలోనిది. వానకోసం విరాటపర్వం చదివించే దేశం మాది. పండితుడినైన పాపానికి నేనూ పలుమార్లు చదివాను. కొన్నిసార్లు వాన వచ్చింది, కొన్నిసార్లు వినవచ్చిన జనం వచ్చారు. కరువు అనే మాట ఇక్కడ నిఘంటువులో చూసుకోవలసిన మాట కాదు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలై 1878 దాకా సాగిన ధాత కరువు తరువాత కర్నూలు జిల్లా జనసంఖ్య చూడండి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ దాదాపు నాలుగో వంతు తగ్గిపోయింది. నలుగురిలో ఒకరు! 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ మహాదర్బారు జరిగింది. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్ మదరాసు రాజధానికి వచ్చి, కరువుపనుల కూలీని మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా మేరకు కుదించాడు. ఒక పౌను అంటే అరకిలోకు కూడ తక్కువ. దాన్ని తిని రాళ్ళు కొట్టాలి.

తద్ముర ఫలకానికీ ఈ కరువుకూ ఒక తేడా ఉన్నది. ఆమె పట్టణంలో సొమ్ముంది, లోకంలో గింజ లేదు. 1877లో లోకంలో గింజ ఉంది. ఇండియానుండి ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి సాగుతూనే ఉన్నది. రైళ్ళలో ధాన్యం మదరాసు రాజధానిలోకి కూడ వచ్చింది. అయితే దాని ధర కూలివాడికి అందేది కాదు. అరబ్బు కథకుడు ఊహించిన కరువుకంటె మనవాళ్ళు అనుభవించిన కరువు క్రూరమైనదని నా అభిప్రాయం. దైవం తలుపు మూస్తే తలవంచవచ్చు. అంగడి తెరిచి ఉండగా ఆకలితో చావడం వేరు.

అంతకు పదేండ్ల ముందు 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి జనానికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. పతకం సంగతి చరిత్రకారులు వ్రాస్తారు. మా వైపు జనపదాలలో మాత్రం పాటగా నిలిచినది అన్నం సంగతే.

ముత్యాల కుంచం మాట కూడ మాకు కొత్త కాదు. రాయలవారి కాలంలో రత్నాలు రాసులు పోసి అమ్మేవారని చిన్నపిల్లవాడైనా చెబుతాడు. నేటికీ తొలకరి పడితే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తలలు వంచుకొని వజ్రాలకోసం వెదుకుతూ ఉంటారు. ఆ వాన విత్తనానికి సరిపోతుందో లేదో తెలియదు గాని వజ్రాన్ని మట్టిలోనుండి పైకి తేలుస్తుంది. వజ్రం దొరికినవాడు చేసే మొదటి పని దాన్ని అమ్మి అప్పు తీర్చడం. తద్ముర రాణిని అర్థం చేసుకోవడానికి మాకు వ్యాఖ్యానం అవసరం లేదు.

సరే, నిప్పు ఎలా వచ్చింది? నాకు తోచిన క్రమం ఇది. కథలోని నగరం దూరంనుండి రెండు మంటలుగా కనిపిస్తుంది. ఇది ఒక నిప్పురవ్వ. జిన్నులు పొగలేని అగ్నినుండి పుట్టినవారని ముస్లిముల విశ్వాసం. ఇది రెండవది. అదే కథలో ఒక ఇఫ్రీతు స్తంభంలో బంధింపబడి ఉన్నాడు, మిగిలినవాళ్ళు ఇత్తడి కూజాలలో ఉన్నారు. ఇత్తడికీ అగ్నిదేహులకూ చుట్టరికం అప్పటికే కుదిరి ఉన్నది. ఆటలు కల్పించినవారికి అగ్నిలోకానికి ఒక రాజధాని కావలసివచ్చింది. కూజాలో ఉండవలసినవాళ్ళు కోటలోకి మారారు, కోట నిప్పులలోకి మారింది. శవాలతో నిండిన అంగడివీథి సజీవమైన సంతగా మారింది. మారని పేరు ఒక్కటే. రాలిపోయినది మాత్రం ఆ బంగారు ఫలకం.

ఈ నగరాన్ని చరిత్రగా నమ్మినవాళ్ళూ లేకపోలేదు. మసూదీ వంటి గ్రంథకర్తలు దీన్ని ప్రస్తావించారు. పద్నాలుగవ శతాబ్దపు ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో ఆ నమ్మకాన్ని తునాతునకలు చేశాడు. సిజిల్మాసా ఎడారిలో బాటసారులు తిరుగుతూనే ఉన్నారు, వాళ్ళెవరికీ కనిపించలేదేమి? లోకంలో దొరికే లోహం పాత్ర సామగ్రికి సరిపోతుంది, దానితో ఒక పట్టణం కట్టడం సాధ్యమేనా? ఇది ఆయన తర్కం. వంటింటి గిన్నెలతో కొలిచి మహానగరాన్ని కూల్చిన ఈ పద్ధతి నాకెంతో నచ్చింది. తరగతిలో చరిత్ర చెప్పేవాళ్ళు పిల్లలకు ముందుగా చెప్పదగినది.

ఇబ్న్ ఖల్దూన్ తూకానికి నిలవకపోయినా, మనకూ లోహనగరాలున్నాయి. అవి నిజంగానే కాలిపోయిన పట్టణాలు, పురాణాలలో.

తారకాసురుని కొడుకులు తారకాక్షుడు, కమలాక్షుడు, విద్యున్మాలి. వారికోసం మయుడు మూడు పురాలు కట్టాడు. బంగారుపురం స్వర్గంలో, వెండిపురం అంతరిక్షంలో, ఇనుపపురం భూమిమీద. వెయ్యేండ్లకొకసారి మూడూ కలుస్తాయి, అప్పుడు ఒక్క బాణంతో కొట్టగలవాడే వాటిని గెలుస్తాడు. శివుడు భూమిని రథంగా, సూర్యచంద్రులను చక్రాలుగా, మేరువును విల్లుగా, వాసుకిని అల్లెత్రాడుగా, విష్ణువును బాణంగా చేసి, బ్రహ్మ సారథ్యం చేయగా వాటిని దహించాడు. భారతం కర్ణపర్వంలో ఈ కథ శల్యుడిని సారథ్యానికి ఒప్పించడానికి చెప్పబడింది. హంపి విరూపాక్షాలయ మండపం పైకప్పున ఈ ఘట్టం వర్ణచిత్రంగా ఉన్నది. వెళ్ళినవారు తలెత్తి చూడడం మరువకండి.

ఆ నగరాలలో ఒకదాని ముక్క మా దగ్గరే పడింది. మత్స్యపురాణం నర్మదామాహాత్మ్యంలో ఈ దహనం మరొక విధంగా ఉన్నది. అక్కడ పురాధిపతి బాణాసురుడు. మండుతూ కూలిన పురాలలో ఒకటి శ్రీశైలంలో, రెండవది అమరకంటకంలో పడ్డాయట. శ్రీశైలానికి తూర్పు ద్వారమైన త్రిపురాంతకం పేరు ఆ కథతోనే ముడిపడి ఉన్నది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం తాలూకాతో పాటు అది కర్నూలు జిల్లాదే. కొండమీద త్రిపురాంతకేశ్వరుడు, కింద చెరువులో బాలాత్రిపురసుందరి. కడప దగ్గరి వల్లూరు రాజధానిగా ఏలిన కాయస్థ అంబదేవుడి 1290 నాటి శాసనం అక్కడిదే. రావిపాటి త్రిపురాంతకుడి ఉదాహరణకావ్యం ఆ స్వామిమీదిదే. ఇక శ్రీశైలపు దక్షిణ ద్వారమైన సిద్ధవటం మా కడప జిల్లాలోనే ఉన్నది. అంటే ఇత్తడి నగరాన్ని మించిన అగ్నిపురం శకలం ఒకటి మా పెరటిలో ఉండగా, పిల్లలు దానికోసం అగ్నిలోకం దాకా పోతున్నారు! (మా ఊరి నేలలో ఇప్పటికీ ఒకరకం నిప్పున్నదని కొందరంటారు. 2012 నుండి ఇక్కడ యురేనియం తీస్తున్నారు. దానికీ పురాణానికీ సంబంధం అంటగట్టే సాహసం నేను చేయను.)

మత్స్యపురాణకారుని గొప్పతనం వేరొకచోట ఉన్నది. పురం కాలుతుండగా ఆయన శివుని విల్లు దగ్గరే నిలబడిపోలేదు, లోపలికి వెళ్ళాడు. మంటల్లో చిక్కిన స్త్రీలు అగ్నిదేవుణ్ణి నిలదీస్తారు. మగవాళ్ళు అపరాధం చేస్తే మేమేం చేశాము, ఇంట్లో ఉన్న ఆడవాళ్ళమీద నీకు కనికరం లేదా అని. అగ్ని జవాబు చెప్పుకోవలసివస్తుంది. నేను నా ఇష్టంతో కాల్చడం లేదు, ఆజ్ఞ అటువంటిది అంటాడు. ఆజ్ఞ అటువంటిదని చెప్పినవాళ్ళను మనం చరిత్రలో చాలామందిని చూశాము, టెంపుల్ దొరతో సహా. తద్ముర ఫలకం చేసే పనిని ఇక్కడ ఈ స్త్రీల మాటలు చేస్తున్నాయి. నశించిన ఊరి గొంతు వినిపిస్తున్నది.

మరొక సంగతి. మయుడు త్రిపురదహనంలో తన ఇంటితో సహా తప్పించుకున్నాడు. ఖాండవదహనంలో మళ్ళీ నిప్పులో చిక్కుకొని అర్జునుణ్ణి శరణు వేడి బ్రతికాడు. ఆ ఖాండవంలో ఇంద్రుడు కురిపించిన వానను అర్జునుడు బాణాలతో ఆపాడని చదివినప్పుడల్లా మా సీమవాడి ప్రాణం ఉసూరుమంటుంది, అది వేరే విషయం. రెండు అగ్నులు చూసి వచ్చిన ఆ శిల్పే నేలను నీరుగా, నీటిని నేలగా భ్రమింపజేసే మయసభను కట్టాడు. గోడ ఎక్కినవాళ్ళకు కనిపించిన నీళ్ళ మడుగు ఇక్కడా ఉన్నదన్నమాట. ఈ ఆటలు నడిపేవాడి ఉద్యోగం సరిగ్గా మయుడిదే.

మా దౌహిత్రుడికి ఆ ఉద్యోగం ఈమధ్యనే దక్కింది. తన మిత్రులను ఇత్తడి నగరానికి తీసుకుపోవాలని పటం గీసుకున్నాడు. సుల్తాను మందిరం, ఇఫ్రీతుల సైన్యం, సంత, అన్నీ ఉన్నాయి. "తాతా, సంతలో ఏమేమి అమ్మాలి?" అని ఫోనులో అడిగాడు. ఏదైనా అమ్మరా, గింజలు మాత్రం అమ్మవద్దు అన్నాను. ఎందుకని అడిగాడు. మూసా కథ, ఫలకం సంగతి, ధాత కరువు అన్నీ చెప్పాను. గంటకు పైగా విన్నాడు, అంతసేపు వాడు నా మాట విన్నది అదే మొదలు.

తరువాతి ఆదివారం ఆటలో వాడి మిత్రబృందం కోట ఎక్కి దిగి సంతకు చేరింది. మంత్రఖడ్గాలున్నాయి, ముత్యాలు కుంచాలతో ఉన్నాయి. వాళ్ళ పాత్రలకు మూడు దినాలకు సరిపడే తిండే మిగిలింది. ఎవరిని అడిగినా ముత్యాలే చూపిస్తున్నారు. చివరకు ఫలకం దొరికింది, చదివారు. సుల్తాను ఖజానా కొల్లగొట్టాలని వచ్చిన నలుగురూ ఖజానా సంగతి పక్కనపెట్టి, ఈ ఊరికి ధాన్యం ఎక్కడనుండి తేవచ్చునని వాదులాట మొదలుపెట్టారట. ఒకడు నీటిలోకానికి పోయి కాలువ తవ్వుదామన్నాడు. ఇంకొకడు ముందు గాదె ఎవరి చేతిలో ఉందో కనుక్కుందామన్నాడు. ఈ రెండవవాడిది ఏ ఊరో నేను అడగలేదు గాని, మా వైపువాడే అయి ఉంటాడని అనుమానం. ఆట ఇంకా తెమలలేదు.

మీ మీ ప్రాంతాలలో కాలిపోయిన పట్టణాలు, కరువుకు తలుపులు మూసుకున్న కోటలు, గింజకు బదులు నగలు కొలిచిన కథలు పెద్దల నోట విని ఉంటే వ్యాఖ్యలలో వ్రాయగలరు. వాడికి ఇంకా రెండు మూడు వీథులు ఖాళీగా ఉన్నాయట.